పదకొండు పైసల మందు

1971 జూన్ చివర్లో బొంగావ్ ఆసుపత్రి కలరా వార్డు అంటే రెండు గదులు, పదహారు మంచాలు. తూర్పు పాకిస్తాన్ యుద్ధం నుంచి పారిపోయి బెంగాల్ సరిహద్దు దాటిన శరణార్థులతో మంచాలు ఎప్పుడో నిండిపోయాయి. మిగిలినవాళ్లు నేల మీదే. కలకత్తా నుంచి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ వాంతులు, విరేచనాల మధ్యే మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. చూస్తూ ఉండగానే సీసాలు చాలకుండా పోయాయి. ఎక్కించడం వచ్చినవాళ్లు బృందంలో ఇద్దరే.

అప్పుడాయన చేసిన పనిని చాలామంది డాక్టర్లు తెగింపనే అన్నారు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ కేంద్రం గ్రంథాలయం గదిలో వీటిని తూచి, పాలిథిన్ సంచుల్లో పోసి, మూతిని వేడి ఇస్త్రీపెట్టెతో అంటించారు. బొంగావ్‌లో కుళాయి ఉన్న డ్రముల్లో కలిపారు. రోగి తల్లో, అన్నో కప్పు పట్టుకొచ్చి కుళాయి తిప్పుకుని తాగించడమే. లీటరుకు పడిన ఖర్చు 11 పైసలు.

శిబిరాల్లో కలరా సోకిన నూరుమందిలో దాదాపు ముప్పైమంది పోతున్న రోజులవి. ఆయన బృందం చూసిన సుమారు 3,700 మందిలో మరణాలు 3.6 శాతం.

నిజానికి ఈ ద్రావణం కొత్తదేం కాదు. కలకత్తాకే చెందిన హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది రోగులకు నోటి ద్వారానే ద్రవాలిచ్చి, ఆ ఫలితాలను 1953లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఎవరికీ పట్టలేదు. లంఖణం పరమౌషధం అనే నమ్మకం మన నానమ్మలదే కాదు, పెద్ద పెద్ద వైద్యులదీ. విరేచనాలవుతుంటే పేగుకు విశ్రాంతి ఇవ్వాలనేవారు. ఉత్త ఉప్పునీళ్లను పేగు సరిగా పీల్చుకోదనీ, తోడుగా గ్లూకోజు ఉంటే మాత్రం సోడియాన్ని లాక్కుంటుందనీ, దాని వెనకే నీళ్లూ వెళ్తాయనీ అర్థమైంది 1960లలోనే. కలరా ముదిరినా ఆ దారి మూసుకుపోదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ రోగుల మీద దీన్ని రుజువు చేశారు. అయితే అదంతా డాక్టర్ల కళ్లెదుట, లెక్క ప్రకారం జరిగిన వ్యవహారం. బొంగావ్‌లో కప్పు వెళ్లింది అమ్మ చేతికి. అసలు మలుపు అదే.

శిబిరాన్ని చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యుడు ధీమన్ బారువా దీన్ని భుజాన వేసుకున్నారు. ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చని 1978లో లాన్సెట్ సంపాదకీయం రాసింది. అంతకు పాతికేళ్ల కిందట ఛటర్జీ వ్యాసం వేసిందీ ఆ పత్రికే!

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ పొట్లం కూడా అక్కర్లేదంది. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్లు. 1980 నుంచి పదేళ్లపాటు ఆడపిల్లలు ఊరూరా తిరిగి, కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లుల చేత కలిపించి చూపించారు. కొన్నాళ్లకు వేరేవాళ్లొచ్చి అడిగినప్పుడు తల్లికి ఎంత గుర్తుంటే, నేర్పినామెకు అంత జీతం. తల్లులు పాఠం గడగడా ఒప్పజెప్పారు గానీ, బిడ్డకు విరేచనాలైతే కలిపి తాగించింది కొద్దిమందే. ఆరా తీస్తే, నేర్పేవాళ్లే తమకు జబ్బు చేస్తే మాత్రలు మింగుతున్నారని తేలింది! వాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చారు. తల్లుల ముందు తామే గుక్కెడు తాగి చూపించడం మొదలైంది. మగవాళ్లకూ బజార్లలో, మసీదుల్లో చెప్పారు. అప్పుడు గానీ వాడకం పెరగలేదు.

మహలనబీస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడాది ప్రకటించారు. అప్పటికే మందుల షాపుల్లో, ఈ ద్రావణం పేరైన ఓఆర్‌ఎస్ అనే మూడక్షరాలు తగిలించుకుని తియ్యటి పానీయాలు వచ్చి కూర్చున్నాయి. చక్కెర మోతాదు మించితే పేగులోకి నీళ్లు ఎదురు వచ్చి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకామె ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి సీసాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.