పారిస్‌లో దస్తఖత్, గోదావరిలో సర్‌హద్

భద్రాచలం దగ్గర గోదావరిని చూస్తే ఒక్కటే నది. కానీ 1860 నుంచి దాదాపు తొంభై ఏళ్ళ పాటు ఆ నీళ్ళ మధ్యలో ఒక సర్‌హద్ ఉండేది. ఈ ఒడ్డున బూర్గంపహాడ్ నిజాం సర్కారుది. ఆ ఒడ్డున భద్రాచలం అంగ్రేజోళ్ళది. పడవెక్కి దిగితే హుకూమత్ మారిపోయేది. మా దాదా తరం వాళ్ళు అవతలి ఒడ్డును చాలా కాలం వరకూ ‘అంగ్రేజీ ఇలాఖా’ అనే పిలిచేవాళ్ళు.

ఆ గీత ఎవరు గీశారు? మన తారీఖ్ కితాబుల్లో ‘నిజాం ఇచ్చేశాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది పూరా సచ్ కాదు. ఆ గీత వెనక ఇంగ్లాండుకూ ఫ్రాన్సుకూ మధ్య నూరేళ్ళ పాటు నడిచిన దుష్మనీ ఉంది, మధ్యమధ్య చేసుకున్న సుల్‌హ్‌లు ఉన్నాయి.

ఈ రెండు ముల్కుల తరీఖా ఏమిటో ఒక మిసాల్ చెబుతాను. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును గెలుచుకున్నారు. 1748లో యూరప్‌లో సుల్‌హ్ కుదిరింది. మద్రాసు తిరిగి అంగ్రేజోళ్ళకు వచ్చింది. బదులుగా ఫ్రాన్సుకు దక్కింది ఎక్కడో కెనడా తీరంలో ఉన్న లూయీబర్గ్ అనే ఖిలా. మద్రాసు జనాన్ని ఎవరూ అడగలేదు. సంతలో గొర్రెకు మేకను మార్చుకున్నట్టు ఊరికి ఖిలాను మార్చుకున్నారు.

అదే 1748లో హైదరాబాద్ తొలి నిజాం ఆసఫ్ జా ఇంతెఖాల్ అయ్యారు. గద్దె కోసం కొడుకులూ మనవడూ కొట్టుకున్నారు. నాసిర్ జంగ్ ఖతల్ అయ్యాడు, ఆ వెంటనే ముజఫ్ఫర్ జంగ్ కూడా పోయాడు. 1751లో ఫ్రెంచి ఫౌజుదారు బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. లండన్, పారిస్‌ల మధ్య కాగితం మీద అమన్ ఉంది. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరు ఒక్కో నవాబును ముందు పెట్టుకుని లడాయి చేస్తూనే ఉన్నారు.

బుస్సీ ఫౌజుకు తన్‌ఖా ఎవరివ్వాలి? 1753లో సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లను ఫ్రెంచివాళ్ళ చేతిలో పెట్టాడు. ముస్తఫానగర్ అంటే మన కొండపల్లి, చికాకోల్ అంటే శ్రీకాకుళం. కృష్ణ నుంచి ఒరిస్సా అంచు దాకా శిస్తు వసూలు హక్కు ఒక విదేశీ ఫౌజు తన్‌ఖా కింద పోయింది.

1756లో ఇంగ్లాండు, ఫ్రాన్సు మళ్ళీ బాహాటంగా జంగ్‌కు దిగాయి. అప్పట్లో యూరప్ ఖబర్ జహాజులో ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇక్కడికి చేరేసరికి నెలలు పట్టేది. 1758లో ఫ్రెంచి జనరల్ లాలీ బుస్సీని దక్కన్ నుంచి వెనక్కి పిలిచాడు. ఆ డిసెంబర్‌లోనే గోదావరి జిల్లా చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు కలిసి ఫ్రెంచి ఫౌజును ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఖిలా కూడా పడిపోయింది. ఫ్రెంచివాళ్ళకు మదద్ చేయడానికి బయల్దేరిన సలాబత్ జంగ్ గాలి ఎటు మళ్ళిందో చూసుకున్నాడు. మే నెలలో అంగ్రేజోళ్ళతోనే అహద్‌నామా రాసుకుని మచిలీపట్నం ఇలాఖా వాళ్ళకు రాసిచ్చాడు. ఫ్రెంచివాళ్ళను దక్కన్‌లో ఉండనివ్వనని మాట కూడా ఇచ్చాడు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సుల్‌హ్‌నామా మీద దస్తఖత్‌లు పడ్డాయి. దాని పదకొండో షర్తులో రెండు ముల్కులూ కలిసి సలాబత్ జంగే దక్కన్‌కు అసలైన సుబేదార్ అని ఖబూల్ చేశాయి. అప్పటికే తమ్ముడు నిజాం అలీ ఖాన్ ఆయన్ను గద్దె దింపి బీదర్ ఖిలాలో ఖైదు చేశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన ఖైదులోనే పోయాడు. యూరప్ కాగితంలో బాద్‌షా, ఇక్కడి గదిలో ఖైదీ! వేల మైళ్ళ దూరం నుంచి ఇన్సాఫ్ చేస్తే ఇలాగే ఉంటుంది.

నిజాం అలీ ఖాన్‌కు జరిగింది కూడా తక్కువేం కాదు. 1765లో క్లైవ్ నేరుగా మొఘల్ బాద్‌షా షా ఆలం దగ్గర ఉత్తర సర్కార్లకు ఫర్మాన్ రాయించుకున్నాడు. బాద్‌షా తన చేతిలో లేని జమీన్‌ను దానం చేశాడు. నిజాం గుస్సా అయ్యాడు. చివరికి కంపెనీ దుబాషీ కాండ్రేగుల జోగిపంతులు హైదరాబాద్ వెళ్ళి మాట్లాడి, 1766 నవంబర్‌లో ఒప్పందం కుదిర్చాడు. కంపెనీ ఏటా పేష్‌కష్ కట్టాలి, అవసరమైతే ఫౌజు పంపాలి. 1823 నాటికి ఒకేసారి రఖమ్ ఇచ్చి ఆ పేష్‌కష్ కూడా లేకుండా చేసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నిజాం మూర్ఖుడు కాదు. అంగ్రేజోళ్ళ బరువుకు ఎదురుగా ఫ్రెంచి బరువు పెట్టి తరాజు సమానంగా ఉంచాలని చూశాడు. రేమండ్ అనే ఫ్రెంచి అఫ్సర్ కింద వేలమంది సిపాయిలను తయారు చేయించాడు. హైదరాబాద్ జనం ఆయన్ను ‘మూసా రహీం’ అన్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది, మూసారాంబాగ్ పేరు ఆయనదే అంటారు. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. జూలైలో నెపోలియన్ మిస్ర్‌లో దిగాడు. ఫ్రాన్సు హిందుస్తాన్ దాకా వస్తుందని కంపెనీకి ఖౌఫ్ పట్టుకుంది. సెప్టెంబర్ 1న నిజాంతో కొత్త అహద్‌నామా, అక్టోబర్‌లో ఫ్రెంచి పల్టన్ల చేతుల్లోంచి హథియార్లు తీసేయడం, రెండూ అయిపోయాయి. 1800 నాటి ఒప్పందంతో, కంపెనీని అడగకుండా బయటి రాజ్యాలతో మాట్లాడే హక్కు కూడా నిజాం వదులుకున్నాడు. తరాజులో రెండో పళ్ళెం తీసేశాక తూకం ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

ఆ తూకమే 1860లో మన గోదావరి దగ్గరికి వచ్చింది. 1857 గదర్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద హమ్లా చేసినా, దివాన్ సాలార్ జంగ్ అంగ్రేజోళ్ళ పక్షానే నిలబడ్డాడు. దానికి ఇనాంగా 50 లక్షల ఖర్జ్ మాఫ్ చేశారు. రాయచూర్, ధారాశివ్ వాపస్ ఇచ్చారు, షోరాపూర్ కలిపారు. ఆ అహద్‌నామాలోనే గోదావరి ఎడమ ఒడ్డు తీసుకున్నారు. భద్రాచలం, రేకపల్లి అలా అవతలికి వెళ్ళాయి. సర్‌హద్‌గా ఉన్న మేర నది మీద సరుకులకు మహసూల్ ఉండకూడదనే షర్తు కూడా పెట్టారు.

ఎందుకంత శౌఖ్ అంటే, పత్తి. మధ్య హిందుస్తాన్ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ ఖయాల్. దానికోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టారు. ఖర్చు పెరిగింది, అడవి జ్వరాలు మనుషుల్ని తినేశాయి, 1871లో ఆ స్కీము ఆపేశారు. పత్తి పడవలు రాలేదు గానీ సర్‌హద్ మాత్రం ఉండిపోయింది.

దాని ఖీమత్ కట్టింది ఎవరు? ఆ అడవిలోని కోయలూ కొండరెడ్లూ. మొదట ఆ తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. దఫ్తర్ మారగానే పోడు మీద పన్ను పెరిగింది. 1879లో రంప బగావత్ రేకపల్లి వైపు కూడా అంటుకుంది. పోడు కొట్టుకునే మనిషి పారిస్ పేరు విని ఉండడు. నాగపూర్, మద్రాసు దఫ్తర్ల మధ్య తేడా కూడా అతనికి తెలియదు. గొడ్డలి మీద పన్ను ఎంత పెరిగిందో మాత్రం తెలుసు.

అదే నది కింద, సముద్రం దగ్గర యానాం ఉంది. అంగ్రేజోళ్ళు దాన్ని లాక్కోవడం, యూరప్‌లో సుల్‌హ్ కాగానే ఫ్రాన్సుకు వాపస్ ఇవ్వడం, ఇలా చాలాసార్లు జరిగింది. 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండానే. ఒకప్పుడు ఒక్క గోదావరి మీదే మూడు హుకూమత్‌లు ఉండేవి. కుడి ఒడ్డున నిజాం, ఎడమ ఒడ్డున అంగ్రేజ్, కొసన ఫ్రెంచ్.

మరి ఆ ఇద్దరు దుష్మన్‌లు ఏమయ్యారు? 1904 ఏప్రిల్ 8న గళె మిలాయించుకున్నారు. ఆ దోస్తీలో మిస్ర్ ఇంగ్లాండుకు, మరాకష్ ఫ్రాన్సుకు అని పంచుకున్నారు. 1916లో సైక్స్, పికో అనే ఇద్దరు అఫ్సర్లు ఒప్పందం రాసుకుని అరబ్ ముల్కుల మీద గీతలు గీశారు. ఫలస్తీన్ గురించి ఇంట్లో టీవీ ముందు కూర్చుని బాధపడే మనం, ఆ కలం గోదావరి దగ్గర అంతకు ముందే పని చేసిందని పిల్లలకు చెప్పాలి. వాళ్ళు కొట్టుకున్నప్పుడు మన జమీన్ మీద కొట్టుకున్నారు. కలిసిపోయినప్పుడు ఇతరుల జమీన్ పంచుకున్నారు.

అంగ్రేజోళ్ళు పోయారు, నిజాం రియాసత్ పోయింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసి రెండు ఒడ్డులూ ఒక్కటయ్యాయి. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల ఇలాఖా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. భద్రాచలం టౌను తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం అవతలి రాష్ట్రంలో. రాముడి గుడి ఇక్కడ, ఆ గుడి మాన్యం భూములు అక్కడ. ఈసారి గీత గీసింది పరాయివాళ్ళు కాదు, మనం ఓటేసి పంపిన సర్కార్లే. కాబట్టి సవాల్ చేసే హక్కు కూడా మనకే ఉంది. ఏ అహద్‌నామా గురించి చదివినా పిల్లలతో రెండు సవాళ్ళు అడిగించండి: దస్తఖత్ పెట్టింది ఎవరు? ఆ గదిలోకి పిలవకుండా వదిలేసింది ఎవరిని?