హడూప్ ప్రయోగాత్మక శిక్షణ

హడూప్ ప్రయోగాత్మక శిక్షణ అనగా హడూప్ అనే డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ వ్యవస్థను నిర్వహించేవారికి, దానిపై ప్రోగ్రాములు వ్రాసేవారికి క్లస్టరు మీద స్వయంగా పని చేయిస్తూ ఇచ్చే శిక్షణ. ఒకే పనిని అనేక కంప్యూటర్లకు పంచి చేయించే పద్ధతిని డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అంటారు. ఆ విధంగా కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహానికి క్లస్టరు అని, అందులోని ఒక్కొక్క కంప్యూటరుకు నోడ్ అని పేరు. వందల యంత్రాలు ఉన్నచోట ఏదో ఒకటి చెడిపోవడం రోజువారీ సంగతి. కాబట్టి క్లస్టరును నెలకొల్పడం, కావాలని చెడగొట్టడం, తిరిగి బాగుచేయడం ఈ శిక్షణలో ముఖ్యభాగాలు. అమెరికా విశ్వవిద్యాలయాలలో 2007 ప్రాంతంలో మొదలైన ఈ తరహా బోధన, 2010వ దశకంలో హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణా సంస్థల ద్వారా తెలుగు విద్యార్థులకు కూడా చేరువైనది.

నేపథ్యం

గూగుల్ సంస్థ తన ఫైలు వ్యవస్థను గురించి 2003లోను, మ్యాప్‌రెడ్యూస్ అనే గణన పద్ధతిని గురించి 2004లోను పరిశోధన పత్రాలు ప్రచురించినది. నచ్ అనే సెర్చ్ ఇంజను మీద పనిచేస్తున్న డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా ఆ పత్రాల ఆధారంగా అటువంటి వ్యవస్థనే స్వేచ్ఛా సాఫ్టువేరుగా నిర్మించారు. 2006లో అది నచ్ నుండి విడివడి హడూప్ అయినది. కటింగ్ కుమారుని బొమ్మ ఏనుగు పేరే దీనికి పెట్టారు. 2006లోనే కటింగ్ యాహూలో చేరగా, ఆ సంస్థ దీని అభివృద్ధికి ప్రధానమైన అండగా నిలిచినది. 2008 జనవరిలో ఇది అపాచీ ఫౌండేషన్‌లో ఉన్నతస్థాయి ప్రాజెక్టుగా గుర్తింపు పొందినది.

హడూప్‌లో ఫైళ్ళను భద్రపరచే భాగం హెచ్‌డీఎఫ్‌ఎస్. ఇది పెద్ద ఫైలును బ్లాకులుగా విడగొట్టి, ఒక్కొక్క బ్లాకుకు సాధారణంగా 3 ప్రతులు చేసి వేర్వేరు నోడ్‌లలో ఉంచుతుంది. బ్లాకు పరిమాణం మొదటి తరం హడూప్‌లో 64 మెగాబైట్లు కాగా, రెండవ తరం నుండి 128 మెగాబైట్లు. ఉదాహరణకు 1 గిగాబైటు ఫైలు 8 బ్లాకులై, ప్రతులతో కలిపి 24 అవుతుంది. డిస్కుల మీద 3 గిగాబైట్ల స్థలం ఆక్రమిస్తుంది. ఏ ఫైలులో ఏ బ్లాకులు ఉన్నాయో, అవి ఏ నోడ్‌లలో ఉన్నాయో నేమ్‌నోడ్ అనే యంత్రానికి తెలుసు. అసలు సమాచారాన్ని దాచే యంత్రాలను డేటానోడ్‌లు అంటారు. గణన పనిని పంచే భాగం మొదట మ్యాప్‌రెడ్యూస్ ఒక్కటే కాగా, 2013లో స్థిరరూపం పొందిన రెండవ తరంలో వనరుల పంపిణీ బాధ్యత యార్న్ అనే వేరొక భాగానికి మారినది.

చరిత్ర

2007లో గూగుల్ ఇంజనీరు క్రిస్టఫ్ బిసీలియా చొరవతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెద్ద క్లస్టర్ల మీద సమస్యలను పరిష్కరించే పద్ధతి గురించి ఒక కోర్సు నడిచినది. కళాశాల నుండి వచ్చే పట్టభద్రులకు ఒక్క కంప్యూటరు మీద ప్రోగ్రాము వ్రాయడమే తెలుసునని, వేల యంత్రాల స్థాయిలో ఆలోచించడం అలవాటు లేదని గుర్తించడమే ఈ ప్రయత్నానికి కారణం. గూగుల్ తన సొంత వ్యవస్థను బయటివారికి ఇవ్వదు కనుక బోధనకు హడూప్‌ను వాడారు. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్, ఐబీఎం సంస్థలు కలిసి మరికొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలకు క్లస్టర్లను అందుబాటులోకి తెస్తామని ప్రకటించాయి.

2008లో బిసీలియా, అమ్ర్ అవదల్లా, జెఫ్ హామర్‌బాకర్, మైక్ ఓల్సన్ కలిసి క్లౌడెరా సంస్థను స్థాపించారు. హడూప్‌ను సంస్థలకు అమర్చి ఇవ్వడంతో పాటు శిక్షణ కూడా ఈ సంస్థ వ్యాపారంలో భాగం. 2009లో ఏర్పడిన మ్యాపార్, 2011లో యాహూ నుండి విడివడిన హార్టన్‌వర్క్స్ కూడా ఇదే బాటలో నడిచాయి. టామ్ వైట్ హడూప్‌పై వ్రాసిన గ్రంథం 2009లో వెలువడి, ఈ తరగతులకు ప్రామాణిక పఠనీయ గ్రంథమైనది.

శిక్షణలోని రెండు శాఖలు

వాణిజ్య సంస్థల తరగతులు సాధారణంగా మూడు లేదా నాలుగు రోజులు జరిగేవి. నిర్వాహకులకు, ప్రోగ్రామర్లకు పాఠ్యక్రమాలు వేర్వేరు. ఒకరికి యంత్రాలు నిలకడగా నడవడం ముఖ్యం. మరొకరికి ఫలితం సరిగా రావడం ముఖ్యం. అయితే ఒకరి పొరపాటు మరొకరి వద్ద బయటపడుతుంది కాబట్టి రెండవ శాఖ మూలసూత్రాలను కూడా ఇరువురికీ నేర్పుతారు.

నిర్వాహకుల పాఠ్యక్రమం

నిర్వాహకునికి లినక్స్, నెట్‌వర్కు పరిజ్ఞానం ముందుగానే ఉండాలి. తరగతిలో నేర్పే ముఖ్యాంశాలు ఇవి:

• యంత్రాల ఎంపిక, హడూప్ స్థాపన, నోడ్‌లు ఒకదానినొకటి పేరుతో గుర్తించే ఏర్పాటు.
• బ్లాకు ప్రతులు ఒకే ర్యాకులో చేరకుండా ర్యాకుల వివరాలను వ్యవస్థకు తెలియజేయడం.
• జ్ఞాపకశక్తి కేటాయింపు. యార్న్‌లో ఒక్కొక్క నోడ్‌కు ముందుగా నిర్ణయించి ఉన్న విలువ 8192 మెగాబైట్లు. 4 గిగాబైట్ల యంత్రంలో దానిని సవరించకుండా వదిలివేస్తే, లేని జ్ఞాపకశక్తిని వ్యవస్థ పంచిపెడుతుంది.
• కెర్బెరోస్ ద్వారా భద్రత. యంత్రాల గడియారాల మధ్య తేడా సాధారణంగా 5 నిమిషాలు మించితే ఈ పద్ధతిలో ప్రవేశం లభించదు. కనుక గడియారాలను సరిచూడడం కూడా పాఠంలో భాగమే.
• పాత నోడ్‌ను తొలగించడం, కొత్త నోడ్‌ను చేర్చడం, లాగ్ ఫైళ్ళను చదివి లోపాన్ని కనుగొనడం.

పేరును బట్టి కలిగే ఒక పొరపాటును ఈ తరగతులలో ప్రత్యేకించి సరిదిద్దుతారు. సెకండరీ నేమ్‌నోడ్ అనేది నేమ్‌నోడ్‌కు ప్రత్యామ్నాయం కాదు. నేమ్‌నోడ్‌లో జరిగిన మార్పుల పట్టీని అప్పుడప్పుడు మూల ప్రతిలో కలిపి పెట్టడమే దాని పని. ముందుగా నిర్ణయించిన వ్యవధి ఒక గంట. నేమ్‌నోడ్ డిస్కు పూర్తిగా పోయి, దీని వద్ద ఉన్న ప్రతి ఒక్కటే మిగిలితే, చివరిసారి కలిపిన తరువాత జరిగిన మార్పులన్నీ పోతాయి. రెండవ తరం హడూప్‌లో నిజమైన ప్రత్యామ్నాయ నేమ్‌నోడ్‌ను ఏర్పాటు చేసే వీలు వచ్చినది. పనిచేస్తున్న నేమ్‌నోడ్‌ను హఠాత్తుగా ఆపి, రెండవది బాధ్యత తీసుకుంటున్నదో లేదో చూడడం అప్పటినుండి తప్పనిసరి అభ్యాసమైనది.

ప్రోగ్రామర్ల పాఠ్యక్రమం

ప్రోగ్రామర్లకు జావా తెలిసి ఉండాలి. స్ట్రీమింగ్ పద్ధతిలో పైథాన్ వంటి భాషలు కూడా వాడవచ్చును. మొదటి అభ్యాసం దాదాపు అన్ని చోట్లా ఒక్కటే: ఒక పెద్ద గ్రంథంలో ప్రతి పదం ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించడం. మ్యాప్ దశలో ఒక్కొక్క పదానికి 1 అని వ్రాస్తారు. ఒకే పదానికి చెందిన అంకెలన్నీ ఒకచోట చేరిన తరువాత రెడ్యూస్ దశలో వాటిని కూడుతారు.

తరువాతి అభ్యాసాలు సులభంగా కనబడి మోసగించేవి. నెట్‌వర్కు మీద రద్దీ తగ్గించడానికి మ్యాప్ ఫలితాలను అక్కడికక్కడే కొంత కుదించే భాగాన్ని కంబైనరు అంటారు. కూడికకు ఇది సరిపోతుంది, సగటుకు సరిపోదు. 2, 4, 9 అనే సంఖ్యల సగటు 5. ఒక నోడ్ 2, 4ల సగటు 3 అని పంపి, దానిని 9తో కలిపి మళ్ళీ సగటు తీస్తే 6 వస్తుంది. ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, దోషం ఉన్నట్లు తెలుపదు. ఫలితం మాత్రం తప్పు. మొత్తాన్ని, సంఖ్యల లెక్కను విడివిడిగా పంపి చివరలో భాగించడం సరైన పద్ధతి.

తెలుగు పాఠంతో పనిచేసేవారు గమనించవలసిన విషయం మరొకటి కలదు. హడూప్‌లోని టెక్స్ట్ అనే రకం పొడవును అక్షరాలలో కాక యూటీఎఫ్-8 బైట్లలో లెక్కిస్తుంది. యూనికోడులో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలతో ఏర్పడే ‘అమ్మ’ అనే మాట పొడవు దీని లెక్కలో 12.

వీటితో పాటు హైవ్, పిగ్, హెచ్‌బేస్, స్కూప్ వంటి అనుబంధ ఉపకరణాలను కూడా పరిచయం చేసేవారు.

ప్రయోగశాల

హడూప్‌ను మూడు విధాలుగా నడపవచ్చును: ఒకే ప్రక్రియగా, ఒకే యంత్రంలో అనేక ప్రక్రియలుగా, అనేక యంత్రాలలో. విద్యార్థులలో చాలామంది తమ ల్యాప్‌టాప్‌లో మొదటి రెండు పద్ధతులతో ఆరంభిస్తారు. క్లౌడెరా, హార్టన్‌వర్క్స్ సంస్థలు ఇందుకోసం అన్నీ ముందే అమర్చిన వర్చువల్ యంత్రాలను ఉచితంగా ఇచ్చేవి. అనేక నోడ్‌ల అభ్యాసానికి అమెజాన్ వంటి సంస్థల నుండి యంత్రాలను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం పరిపాటి అయినది.

ఒక్క యంత్రంతో ఆగిపోతే కొన్ని లోపాలు ఎన్నటికీ కనబడవు. ఒకే ప్రక్రియగా నడిపినప్పుడు జావాలోని స్టాటిక్ చలరాశి ద్వారా మ్యాప్ దశ నుండి రెడ్యూస్ దశకు విలువను అందించవచ్చును; ప్రక్రియలు వేరైన వెంటనే ఆ విలువ అందదు. యంత్రం ఒక్కటే అయినప్పుడు దాని డిస్కు మీద ఉన్న ఫైలును ప్రోగ్రాములోని అన్ని భాగాలూ చదవగలవు; నిజమైన క్లస్టరులో ఆ ఫైలు ఇతర నోడ్‌లలో ఉండదు.

ఒక నమూనా అభ్యాసం

నాలుగు డేటానోడ్‌లు గల క్లస్టరులో ఒక ఫైలును 3 ప్రతులతో ఉంచి, ఒక నోడ్‌ను హఠాత్తుగా ఆపమంటారు. ఫైలును చదివితే ఏ ఇబ్బందీ లేకుండా వస్తుంది. కాని ప్రతుల సంఖ్య వెంటనే సరికాదు. డేటానోడ్ ప్రతి 3 సెకన్లకు ఒకసారి తాను పనిచేస్తున్నట్లు నేమ్‌నోడ్‌కు సంకేతం పంపుతుంది. సంకేతాలు ఆగిన పిదప 10 నిమిషాల 30 సెకన్లు గడిస్తే గాని నేమ్‌నోడ్ దానిని మృత నోడ్‌గా పరిగణించదు. నెట్‌వర్కులో కొద్దిసేపు అంతరాయం కలిగిన ప్రతిసారి వేల బ్లాకులను తిరిగి నకలు చేయకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. గడువు ముగిసిన తరువాత కొత్త ప్రతులు తయారవుతాయి. ఆపిన నోడ్‌ను మళ్ళీ ఆరంభిస్తే ప్రతులు 4 అవుతాయి. అదనపు ప్రతిని వ్యవస్థ తొలగిస్తుంది.

ఈ నిరీక్షణ కాలం తెలియని నిర్వాహకుడు తొందరపడి మరొక నోడ్‌ను కూడా ఆపితే, కొన్ని బ్లాకులకు ఒక్క ప్రతి మాత్రమే మిగులుతుంది. మూడవ నోడ్‌ను కూడా ఆపితే ఆ సమాచారం అందకుండా పోతుంది. శిక్షణలో ఇది ఒక పాఠం, ఉద్యోగంలో నష్టం. అందుకే నోడ్‌ను తొలగించవలసి వచ్చినప్పుడు ముందుగా నేమ్‌నోడ్‌కు తెలిపి, ప్రతులు వేరేచోట తయారైన తరువాతనే ఆపే విధానాన్ని ఈ అభ్యాసం వెంటనే నేర్పుతారు.

పరీక్షలు, ధ్రువపత్రాలు

క్లౌడెరా తొలి ధ్రువపత్రాలు రెండు: ఒకటి డెవలపరుకు, ఒకటి నిర్వాహకునికి. ఈ పరీక్షలలో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండేవి. సమాధానాలను బట్టీపట్టి ఉత్తీర్ణులైనవారికీ, పని తెలిసినవారికీ తేడా తెలియకపోవడం వీటిపై ప్రధాన విమర్శ. లినక్స్ రంగంలో రెడ్ హ్యాట్ సంస్థ 1999 నుండే యంత్రం మీద పని చేయించి పరీక్షిస్తున్నది. హార్టన్‌వర్క్స్, తరువాత క్లౌడెరా కూడా ఆ పద్ధతిని అనుసరించాయి. క్లౌడెరా స్పార్క్, హడూప్ డెవలపరు పరీక్షలో అభ్యర్థికి ఒక క్లస్టరును అప్పగించి, 120 నిమిషాలలో 8 నుండి 12 పనులు పూర్తిచేయమనేవారు. ఉత్తీర్ణతకు 70 శాతం కావాలి. ఈ రెండు సంస్థలు 2019లో విలీనమైన తరువాతి కాలంలో ఆ పరీక్షలను నిలిపివేశారు.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదులోని అమీర్‌పేట, ముఖ్యంగా మైత్రీవనం పరిసరాలు, కంప్యూటరు శిక్షణకు దేశమంతటా పేరుపొందాయి. మెయిన్‌ఫ్రేమ్, జావా, ఒరాకిల్ కోర్సుల తరువాత 2010వ దశకంలో హడూప్ కూడా ఇక్కడి ప్రకటన పలకల మీదికి ఎక్కినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పట్టభద్రులు సమీపంలోని హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. తక్కువ రుసుము, ఉదయం నుండి రాత్రి వరకు నడిచే తరగతులు, ఉద్యోగంలో ఉన్నవారే వచ్చి బోధించడం ఈ కేంద్రాల బలాలు. అనేకమంది విద్యార్థులకు ఒక్క వర్చువల్ యంత్రంతోనే సరిపెట్టడం, ముఖాముఖి ప్రశ్నల పట్టికలను బట్టీపట్టించడం బలహీనతలుగా చెప్పబడుతున్నాయి. నాలుగు పాత కంప్యూటర్లను కలిపి అభ్యాసం చేయించే తరగతికి, తెర మీద చూపి ముగించే తరగతికి మధ్య ఉన్న తేడా ధ్రువపత్రంలో కనబడదు. మొదటిసారి క్లస్టరు ఆగిపోయిన రోజున ఉద్యోగికి తెలిసివస్తుంది. 2020లో కోవిడ్ వ్యాప్తి తరువాత ఈ తరగతులలో చాలా భాగం ఆన్‌లైనుకు మారాయి.

తరువాతి పరిణామాలు

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2009లో మొదలైన స్పార్క్, మ్యాప్‌రెడ్యూస్ స్థానాన్ని చాలావరకు ఆక్రమించినది. సొంత క్లస్టర్లకు బదులు క్లౌడ్ సేవలను వాడే సంస్థలు పెరగడంతో హడూప్ నిర్వాహకుల కోర్సులకు గిరాకీ తగ్గినది. 2019లో మ్యాపార్ ఆస్తులను హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ కొనుగోలు చేసినది.

శిక్షణా పద్ధతి మాత్రం నిలిచినది. కుబర్నెటీస్‌కు సంబంధించి నిర్వాహకుల పరీక్ష 2017లోను, అప్లికేషన్ డెవలపర్ల పరీక్ష 2018లోను మొదలయ్యాయి. ఈ రెండింటిలోనూ ప్రశ్నకు సమాధానం ఎంచుకోవడం ఉండదు. పనిచేస్తున్న క్లస్టరులో మార్పు చేసి చూపాలి. ఉపకరణాల పేర్లు మారినా, హడూప్ తరగతులలో నేర్పిన అంశాలు, అనగా ప్రతుల నిర్వహణ, నోడ్‌ల వైఫల్యం, జ్ఞాపకశక్తి కేటాయింపు, లాగ్‌ల పరిశీలన, ఈ కొత్త వ్యవస్థలలో కూడా నేర్వవలసినవే.

ఇవి కూడా చూడండి

• డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్
• మ్యాప్‌రెడ్యూస్
• లినక్స్
• అమీర్‌పేట