మంచు మీద పడ్డ నింద

2009-10 చలికాలంలో మంగోలియాలో దాదాపు కోటి పశువులు చచ్చిపోయాయి. దేశం మొత్తం మందలో ఐదోవంతు. ఇలాంటి కాలాన్ని అక్కడి కాపరులు జుడ్ అంటారు. ఆ ఏడు చాలాచోట్ల మైనస్ 40 కన్నా కిందికి పోయింది. చలి చంపిందని లోకం అనుకుంది. ఆ గొర్రెలకు చలి కొత్తా? తరతరాలుగా ఆ మంచులోనే ఈనాయి, ఆ మంచులోనే మేశాయి. వాటి చావు అంతకుముందు వేసవిలోనే ఖాయమైంది. ఆ వేసవి వానల్లేక గడ్డి ఎదగలేదు.

ఆ స్టెప్పీ మైదానాల్లో ఏడాదికి 200 నుంచి 300 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మన అనంతపురం వానలో సగం. అదీ చాలావరకు జూన్, జులై, ఆగస్టుల్లోనే. మొలవడం, ఎదగడం, వెన్ను తీయడం, గింజ రాల్చడం అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే కావాలి. స్టిపా అనే గడ్డిది అక్కడ పెద్దరికం. సన్నని పోచ, మొదట్లో గట్టి దుబ్బు. గింజకు సూదిమొన, వెనక పొడుగాటి తోక. తడీ పొడీ మారినప్పుడల్లా ఆ తోక మెలితిరిగి గింజను నేలలోకి దింపుతుంది. ఇంత నేర్పున్న గడ్డి కూడా నీళ్లు లేకుండా ఏం చేస్తుంది?

1940 తర్వాత మంగోలియా సగటు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు పైనే పెరిగింది. చలిదేశం వెచ్చబడితే పచ్చిక బలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ కొరత నీటిది. కురిసిన వానలో చాలా భాగం వేడికి ఆవిరైపోతుంది, వేరుకు అందేది తక్కువ. దాహం వేసిన ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు దక్కుతుంది గానీ తిండి తయారీ ఆగిపోతుంది. పోచ పొట్టిగానే ఎండిపోతుంది.

తప్పంతా వాతావరణం మీదికి నెట్టడం కూడా అన్యాయమే. 1990లో రెండున్నర కోట్లున్న మంద 2019కి ఏడు కోట్లయింది. సోషలిస్టు సమష్టి క్షేత్రాలు రద్దయ్యాక కాష్మీర్ ఉన్ని కోసం మేకలు పెరిగాయి. అసలే ఎదగని గడ్డిని అన్ని నోళ్లు మొదలంటా కొరికాయి. మంచి గడ్డి పలచబడిన చోట మాచిపత్రి జాతి మొక్కలు లేచాయి.

చలి మొదలయ్యేలోపు గొర్రెకు కొవ్వు పట్టాలి. ఒంటి కొవ్వే దాని గాదె. అది నిండని ఏడు, డొక్కలెండిన జీవం గట్టిపడ్డ మంచును గిట్టలతో తవ్వుతుంది, మూతి చీరుకుపోతుంది. కింద దొరికేది గడ్డి మొదళ్లు.

మందలు పోగొట్టుకున్న కాపరులు ఎందరో రాజధాని ఉలాన్‌బాటర్ శివార్లలో గుడారాలు వేసుకున్నారు. వాళ్లలో తిరిగి గుర్రమెక్కినవాళ్లు తక్కువ.

2023-24 చలికాలంలో మళ్లీ 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. మంచును తిట్టేముందు, అంతకుముందు శ్రావణంలో గడ్డి ఎంత ఎత్తు లేచిందో అడగండి.