తెగులు కాదు, ఆకలి!

మిరపచేనిలో లేత ఆకులు చిన్నవై, ఈనెల నడుమ పసుపు బారినచో రైతు మొదట శంకించునది తెగులునే. మందు కొట్టును, ఫలితముండదు. కొన్ని వేళల చేనికి కావలసినది పురుగుమందు కాదు, ఆహారము. ఈ భేదము తెలియుటకు శాస్త్రజ్ఞులకు సైతము చాలకాలము పట్టినది.

నత్రజని, భాస్వరము, పొటాషు మొక్కకు హెచ్చుగా కావలెను. జింకు, అనగా యశదము, రవంత చాలును. ఆ రవంత లేనిచో మొక్క ఎదగదని 1926లో అమెరికాలో సోమర్, లిప్మన్ నిరూపించిరి. 1930 తరువాత కాలిఫోర్నియాలో పండ్లచెట్ల ఆకులు చిన్నబోవు జబ్బుకు చాండ్లర్, హోగ్లండ్ మొదలగువారు ఇనుప సల్ఫేటు వేసి చూచిరి. బజారు సరకుతో చెట్లు కోలుకొనెను; శుద్ధమైన దానితో కోలుకొనలేదు! బజారు సరకులో మాలిన్యముగా చేరిన జింకే అసలు మందు.

మన దేశమున పంత్‌నగర్ ప్రాంతపు వరికి ‘ఖైరా’ అను జబ్బు సోకెను. ఆకులు కాచురంగు తేలుటచే దానికా పేరు. వృక్షరోగ శాస్త్రజ్ఞుడు డాక్టర్ వై. ఎల్. నెనె అది సూక్ష్మజీవి వలన గాక జింకు లోపము వలన కలుగుచున్నదని 1966లో ప్రకటించెను. తరువాత ఆయన మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేసెను.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. గుంటూరు, ప్రకాశం సీమలో సాగు ముమ్మరమైనది. పంట పంటకును నేలలోని జింకు తరలిపోవును, యూరియా, డి.ఏ.పి. దానిని పూరింపవు. నల్లరేగడిలో జింకు బొత్తిగా లేకపోదు. క్షారము, సున్నము హెచ్చైనచోట అది కరగని రూపము దాల్చును. గాదెలో గింజలుండియు తాళము తీయలేని ఇల్లాలివలె మొక్క పస్తుండును.

1978లో లిండ్సే, నార్వెల్ ప్రకటించిన పరీక్షతో మొక్కకందు జింకును కొలువవచ్చును. కిలో మట్టిలో అది 0.6 మిల్లీగ్రాములకు తగ్గినచో లోపమున్నట్లు సాధారణముగా ఎంచుదురు. అపుడు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దుక్కిలో వేయవలెను. భాస్వరపు ఎరువుతో కలుపరాదు. పైరుమీద లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున చల్లవలెను. అన్ని లోపములును జింకువి కావు: పత్తిలో ఈనెలు పచ్చగా నిలిచి ముదురాకులు ఎర్రబారుట మెగ్నీషియము కొరతకు గుర్తు.

విద్యార్థులారా! ముడుచుకొన్న ఆకును తిరగవేసి భూతద్దముతో చూడుడు. తామరపురుగులు, నల్లులు కనబడకున్న, మందుడబ్బా కొనుటకు ముందు మట్టిని పరీక్షింపుమని ఇంటిలో చెప్పుడు.