ఓనమాలకు ముందు

పిల్లవానికి మాటలు వచ్చి, ప్రశ్నలతో పెద్దలను వేధింపసాగిన నాటనుండి తల్లిదండ్రులకొక సందేహము పుట్టును: వీనిని బడికెప్పుడు పంపవలెను? మన పూర్వులు దీనికి తడుముకొనక, ఐదవయేట నని బదులు చెప్పియుండిరి. ఆ బదులు వెనుకనున్న ఆచారమును ఒకమారు తరచి చూచినచో, మన నేటి తొందరపాటునకు కొంత విరుగుడు దొరకవచ్చును.

ఆ ఆచారమును కన్నులకు కట్టినట్లు వ్రాసిపెట్టినవారిలో, చిత్రముగా, ఒక తెల్లదొర కలడు. 1816లో ఇంగ్లీషున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ.డి. కాంబెల్, 1823 నాటికి బళ్లారి కలెక్టరుగా నుండెను. మదరాసు గవర్నరగు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల లెక్క పంపుడని అంతకు ముందటియేడు కలెక్టర్లను కోరియుండగా, తన జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును కలరని కాంబెల్ తెలిపెను. అందు 226 తెలుగు బడులు. ఆడపిల్లలు మాత్రము జిల్లా మొత్తమున అరువదిమందియే.

పిల్లవానికి ఐదేండ్లు రాగానే తల్లిదండ్రులు అయ్యవారిని, బడిపిల్లలను తమ యింటికి పిలుచుచుండిరట. అందరును వినాయకుని చుట్టు కూర్చుండగా, పిల్లవానిని దేవునికెదురుగా నుంచి, ధూపనైవేద్యములైన పిమ్మట, అయ్యవారు వాని చిట్టిచేయి పట్టి బియ్యములో వ్రేలితో దేవుని పేరు దిద్దించెడివాడు. చదువు మరునాటి యుదయమున మొదలు. పిల్లవాడు బడికి పోవుటకు ముందు బడియే పిల్లవాని యింటికి వచ్చెడి దన్నమాట. రేపు తన ప్రక్కన కూర్చుండబోవు ముఖములను వాడు నేడు తన తల్లి చెంగు చాటుననుండియే చూచి యెరిగియుండెడివాడు.

వీథియరుగుపై నడచెడి ఆ బడిలో పలకకు ముందు ఇసుకయే పలక, బలపమునకు ముందు వ్రేలే బలపము. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచుండుటచేత ఒక్క అయ్యవారితోనే బడి యంతయు సాగెడిది. మదరాసు ఎగ్మూరున అనాథబాలుర ఆశ్రమమును నడపిన ఆండ్రూ బెల్, దేశీయ బడులలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి ఆ పద్ధతిని తానును అవలంబించి, 1797లో లండనున దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అక్కడ అది మదరాసు పద్ధతి యన్న పేరనే వ్యాపించినది.

అయినను ఆ బడిని మెచ్చుకొని యూరకుండరాదు. ఉదయముననే ముందుగా వచ్చినవాని యరచేత శ్రీ, రెండవవానికి చుక్క, ఆ తరువాతివారికి వరుసగా ఒకటి, రెండు, మూడు బెత్తపు దెబ్బలు. మొండివానికి దూలమునుండి వ్రేలాడదీయు కోదండపు శిక్ష. అట్టి చోటికి ఐదేండ్లకు ముందు పసివానిని పంపకుండుట పెద్దల దయయే యనవలెను.

మరి ఆ ఐదేండ్లును వాడు చదువులేక యుండెనా? అవ్వ యొడిలో కథకు ఊకొట్టుటలో భాషయు, గవ్వలు వేసి యెంచుటలో గణితమును, ఒప్పులకుప్ప తిరిగి పడి లేచుటలో దేహపటుత్వమును, వంతు వచ్చువరకు నిలుచుటలో ఓర్పును వానికి తెలియకయే అబ్బుచుండెడివి. అక్షరాభ్యాసము అక్షరములకే ఆరంభము, విద్యకు కాదు. 1826లో మన్రో చదువు వయస్సును ఐదునుండి పదేండ్లని లెక్కగట్టినప్పుడు, అరుగు మీది బడి ఆ లెక్కలో చేరినది గాని, ఈ యొడిలోని బడి చేరలేదు.

కాలక్రమమున ఆ యొడి కొరతపడినది. ఉమ్మడికుటుంబములు విడిపోయినవి; తల్లి పొలమునకో, కార్యాలయమునకో పోవలసివచ్చినది. 1939లో మదరాసు అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి, రెండున్నర మూడేండ్ల పిల్లలకు తగిన బడి వేరుగా నుండవలెనని బోధించెను. ఆమె పిల్లలచేత వ్రేలితో తడిమించిన గరుకు కాగితపు అక్షరములు మన యిసుక బడికి దూరపు చుట్టములవలె తోచును. 1975 అక్టోబరు 2న 33 చోట్ల ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడీలను ఊరూరికి తెచ్చినది. 2020 జాతీయ విద్యావిధానము మూడవయేటనుండియే పునాదివిద్యను, ఆరవయేట ఒకటవ తరగతిని నిర్దేశించినది. ఐదును మూడు చేసిన ఈ మార్పు పూర్వాచారమునకు విరుద్ధము కాదు. ఇంటిలో కరవైన యొడిని ఊరిలో సమకూర్చుటయే దీని యాశయము.

కాని మూడేండ్ల పసివానిచేత పుటలకొలది అక్షరములు దిద్దించెడి బడి ఆ యొడికి బదులు కాజాలదు. అది బెత్తము లేని వీథిబడి మాత్రమే. వసంతపంచమినాడు బాసర సరస్వతి సన్నిధిని రెండు మూడేండ్ల పిల్లలు క్రొత్త పలకలతో బారులు తీరుట చూడ ముచ్చటగా నుండును. మూడేండ్లకే పిల్లవానిని తోటిపిల్లల నడుమకు పంపుడు; ఆడనిండు, పాడనిండు, ఇసుకలో చేతులు పెట్టనిండు. ఆ పలకను మాత్రము ఒకటి రెండేండ్లు దేవుని గూటిలోనే యుంచినచో సరస్వతి యలుగదు.