పుస్తకాలలోంచి పుట్టిన ప్రభుత్వం



డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగారు. ఆరోగ్య సూత్రాలు, తీర్థయాత్రల విశేషాలు చక్కగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు. అందుచేత అమెరికా ప్రభుత్వం ఎలా పుట్టిందో వ్రాస్తాను. దానికీ మన డిసెంబరు 17కూ ఉన్న బంధుత్వం చివరలో మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రిందట మా అమ్మాయిని చూడడానికి అమెరికా వెళ్ళినప్పుడు అల్లుడుగారు మమ్మల్ని ఫిలడెల్ఫియా తీసుకువెళ్ళారు. ఇండిపెండెన్స్ హాల్ అనే ఎర్ర ఇటుకల భవనంలో ఒక గది చూపించారు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్లలు, వాటి చుట్టూ కుర్చీలు. అంతే. "దీనికోసమా ఇంత దూరం?" అంది మా ఆవిడ. ఆ గదిలోనే 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు. ఆ గదిలోనే 1787లో రాజ్యాంగం వ్రాశారు.

అంతకు ముందు లోకంలో రాజ్యాలు చాలావరకు కత్తితోనో వారసత్వంతోనో వచ్చినవే. కొందరు మనుషులు కూర్చుని, మనకు ఎలాంటి ప్రభుత్వం కావాలని నెలల తరబడి వాదించుకుని, కాగితం మీద పెట్టుకోవడం అరుదైన సంగతి. ఆ వాదనలకు సరుకు ఎక్కడిది? ఎక్కువభాగం పుస్తకాలలోది.

17, 18 శతాబ్దాలలో ఐరోపాలో వచ్చిన ఆలోచనా విప్లవాన్ని జ్ఞానోదయ యుగం అంటారు. పెద్దలు చెప్పారు కాబట్టి నిజం అనుకోకుండా, బుద్ధితో పరీక్షించి చూడాలన్నది దాని సారాంశం. న్యూటన్ ప్రకృతికి సూత్రాలున్నాయని చూపించాక, పరిపాలనకు మాత్రం సూత్రాలుండవా అని కొందరు అడగసాగారు.

వారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన జాన్ లాక్. 1689లో వెలువడిన అతని గ్రంథం చెప్పినది క్లుప్తంగా ఇది: రాజుకు అధికారం దేవుడిచ్చింది కాదు, ప్రజల సమ్మతి వల్ల వచ్చింది. ప్రజల ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని కాపాడడమే ప్రభుత్వం పని. ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తే ప్రభుత్వాన్ని మార్చుకునే హక్కు ప్రజలకుంది. 1776లో స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా వ్రాసిన థామస్ జెఫర్సన్‌కు అప్పటికి 33 ఏళ్ళు. లాక్ చెప్పిన మూడింటిలో ప్రాణం, స్వేచ్ఛ అలాగే ఉంచి, ఆస్తికి బదులు ఆనందాన్ని వెతుక్కునే హక్కును పెట్టాడు.

రెండవవాడు ఫ్రాన్సుకు చెందిన మాంటెస్క్యూ. బోర్డో న్యాయస్థానంలో న్యాయాధిపతిగా పనిచేసినవాడు. చట్టం చేసే అధికారం, దానిని అమలుజరిపే అధికారం, తీర్పు చెప్పే అధికారం ఒక్క చేతిలో పడితే ప్రజలకు స్వేచ్ఛ ఉండదని 1748లో వ్రాశాడు.

ఈ మాట నాకు కాలేజీలో అర్థం కాలేదు, ట్రెజరీలో అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బిల్లు డ్రాయింగ్ ఆఫీసరు తయారుచేసి, ట్రెజరీ తనిఖీచేసి పాస్‌చేసి, బ్యాంకు చెల్లించి, ఆ తరువాత ఏ.జి. ఆఫీసు ఆడిట్ చేయడమేమిటి, అంతా ఒకచోటే అయితే ఎంత హాయి అని విసుక్కున్నాను. మా సీనియర్ అకౌంటెంటు గారు నవ్వి, "చూడవోయ్, బిల్లు వ్రాసినవాడూ పాస్ చేసినవాడూ ఒకడే అయితే దేవుడైనా పొరపాటు చేస్తాడు" అన్నారు. ఆయన మాంటెస్క్యూని చదివి ఉండరు. సంగతి మాత్రం అదే.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే అమెరికన్లకు మంచి ప్రభుత్వం రాలేదు. 1781లో అమలులోకి వచ్చిన మొదటి ఏర్పాటులో 13 రాష్ట్రాలదే పెత్తనం. కేంద్ర కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలను అడుక్కోవలసిందే. ఇందులో పెన్షనర్లమైన మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. యుద్ధం చేసిన సైనికాధికారులకు జీవితాంతం సగం జీతం ఇస్తామని ఆ కాంగ్రెసు 1780లో మాట ఇచ్చింది. ఖజానాలో డబ్బు లేదు. 1783లో అధికారులు అసమ్మతితో తిరుగుబాటు దాకా వెళ్ళబోతే జార్జి వాషింగ్టన్ స్వయంగా వచ్చి శాంతింపజేశాడు. చివరికి అయిదేళ్ళ పూర్తి జీతానికి సరిపడా పత్రాలిచ్చారు. ఆ పత్రాల విలువ పడిపోయి, చాలామంది వాటిని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. అతి బలమైన ప్రభుత్వం ప్రజలను అణచివేస్తుంది. మరీ బలహీనమైన ప్రభుత్వం ఇచ్చిన మాట నిలుపుకోలేదు. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే వారి సమస్య.

1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 వరకు సభ జరిగింది. 55 మంది హాజరయ్యారు. వాషింగ్టన్ అధ్యక్షుడు. 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెద్దదిక్కు. చర్చలు రహస్యంగా సాగాయి. 36 ఏళ్ళ జేమ్స్ మాడిసన్ అందరికంటే ఎక్కువ చదువుకుని వచ్చాడు. పారిస్‌లో రాయబారిగా ఉన్న జెఫర్సన్ అతనికి పెట్టెలకొద్దీ పుస్తకాలు పంపించాడు. పూర్వపు గణతంత్రాలు ఎందుకు కూలిపోయాయో చదివి మాడిసన్ నోట్సు వ్రాసుకున్నాడు.

అయితే వారు పుస్తకాలను గుడ్డిగా అనుసరించలేదు. గణతంత్రం చిన్న దేశంలోనే నిలుస్తుందని మాంటెస్క్యూ అన్నాడు. దేశం పెద్దదైతేనే మంచిది, వర్గాలు ఎక్కువై ఏ ఒక్క వర్గమూ మిగతావారిని అణచలేదని మాడిసన్ జవాబు చెప్పాడు. మూడు అధికారాలను వేరుచేసి ఊరుకోలేదు, ఒకదానికి మరొకదానిపై అదుపు పెట్టారు. కాంగ్రెసు చేసిన చట్టాన్ని అధ్యక్షుడు తిప్పిపంపవచ్చు. మూడింట రెండు వంతుల మెజారిటీతో ఉభయసభలు దానిని మళ్ళీ నెగ్గించుకోవచ్చు. న్యాయమూర్తులను అధ్యక్షుడు నియమించినా సెనేట్ ఒప్పుకోవాలి. తప్పుచేసిన అధ్యక్షుణ్ణి సభ విచారించి తొలగించవచ్చు. పాలించేవారందరూ మంచివారే వస్తారన్న ఆశ మీద కాక, ఎవరు వచ్చినా హద్దు దాటకుండా చూడాలన్న జాగ్రత్త మీద కట్టిన ఇల్లు అది. తాము కూడా ఆ అనుమానానికి అతీతులం కామని వారు ఒప్పుకున్నారు. నాకు వారిలో నచ్చిన గుణం ఇదే.

నచ్చని సంగతీ చెప్పాలి. మనుషులందరూ సమానులని వ్రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. రాజ్యాంగంలో బానిస అన్న మాట రాకుండా జాగ్రత్తపడ్డారు గాని, ప్రతినిధుల సంఖ్య నిర్ణయించే జనాభా లెక్కలో అయిదుగురు బానిసలను ముగ్గురి కింద కట్టారు. బానిసల దిగుమతిని 1808 దాకా కాంగ్రెసు నిషేధించకూడదని వ్రాశారు. స్త్రీలకు దేశమంతటా ఓటు హక్కు 1920లో గాని రాలేదు. ఎంత గొప్ప తత్త్వమైనా సొంత ఆస్తి దగ్గరకు వచ్చేసరికి మనిషి నోరు తడబడుతుంది.

కాని వారు ఆ పత్రంలో సవరణకు ఒక తలుపు తెరిచి ఉంచారు. వాక్ స్వాతంత్ర్యం వంటి హక్కులు 1791లో ఆ తలుపులోంచే వచ్చాయి. ఆరు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసిన అంతర్యుద్ధం తరువాత, 1865లో బానిసత్వం రద్దయింది. 1868లో 14వ సవరణ వచ్చింది. ఏ రాష్ట్రమూ ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదన్నది అందులోని ముఖ్యాంశం.

ఇక మొదట చెప్పిన బంధుత్వం. మన రాజ్యాంగం 14వ అధికరణంలో రెండు మాటలున్నాయి. చట్టం ముందు సమానత్వం బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చింది. చట్టాల సమాన రక్షణ అమెరికా 14వ సవరణ నుంచి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1979లో పెన్షను లెక్కించే పద్ధతిని మెరుగుపరిచి, ఆ ఏడాది మార్చి 31న గాని ఆ తరువాత గాని రిటైరైనవారికే అది వర్తిస్తుందన్నది. అంతకుముందు రిటైరైన డి.ఎస్. నకారా తదితరులు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఒక తేదీ గీత గీసి పెన్షనర్లను విడదీయడం 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, హక్కు అన్నది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు కూడా ఉన్నారు. మనం ఏటా జరుపుకునే రోజు అదే.

కథ అంతటితో ముగియలేదు. పెన్షనర్ల మధ్య రిటైరైన తేదీని బట్టి తేడా చూపే అధికారం కేంద్రానికి ఉన్నదని 2025 ఫైనాన్సు చట్టంలో చేర్చారు. పెన్షనర్ల సంఘాలు నిరసన తెలిపాయి. చట్టం చేసేది ఒకరు, అమలుజరిపేది ఒకరు, అది రాజ్యాంగానికి లోబడి ఉన్నదా అని చూసేది మరొకరు. ఆ మూడు చేతులూ వేరుగా ఉన్నంతకాలం మన అర్జీకి వెళ్ళవలసిన చోటు ఒకటి మిగిలే ఉంటుంది. అయితే అర్జీ వ్రాయవలసింది మాత్రం మనమే. నకారా గారు ఇంట్లో కూర్చుని ఉంటే ఆ తీర్పు వచ్చేది కాదు.

ఆ రోజు ఫిలడెల్ఫియాలో మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రతినెలా ఒకటో తారీఖున బ్యాంకు పాసుపుస్తకం చూసుకున్నప్పుడల్లా, ఆకుపచ్చ గుడ్డ కప్పిన ఆ బల్లలు గుర్తుకువస్తాయి.