స్లైడుపై చుక్క: పిస్టల్ గురిసాధనంలో వచ్చిన మార్పు – ఒక చారిత్రక పరిశీలన

పిస్టల్‌పై అమర్చే రెడ్ డాట్ సైట్ చరిత్రను సాధారణంగా కటకాల చరిత్రగానో, డయోడ్ల చరిత్రగానో, వాటిని అమ్మిన సంస్థల చరిత్రగానో రాస్తూ వచ్చారు. ఆ కథనాలలో ఎర్రచుక్క ఎలా పుట్టిందో తెలుస్తుంది గాని, అది తుపాకీలోని ఏ భాగంపైకి, ఎవరి చేతుల మీదుగా చేరిందో తెలియదు. పిస్టల్ విషయంలో నిర్ణాయకమైన మలుపు సైట్ ఆవిష్కరణ కాదనీ, దానికోసం స్లైడును చెక్కడమేననీ, ఆ పనిని విస్తృతంగా మొదలుపెట్టినవి పెద్ద కర్మాగారాలు కాక చిన్న మరపని దుకాణాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సంప్రదాయ పిస్టల్‌లో వెనుక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. గురి చూసేవారు గాడిని, మొనను, లక్ష్యాన్ని ఒకే గీతపైకి తేవాలి. మూడూ మూడు దూరాలలో ఉంటాయి. కన్ను ఒకసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. ఈ చిక్కుకు దృశాశాస్త్రపరమైన పరిష్కారం చూపినవాడు డబ్లిన్‌కు చెందిన దూరదర్శినుల నిర్మాత హోవర్డ్ గ్రబ్. 1900లో ఆయన పేటెంటు పొందిన పరికరంలో గురిగుర్తును కటకపు నాభి వద్ద ఉంచుతారు. దాని కాంతి సమాంతర కిరణాలుగా మారి, ఏటవాలు గాజుపై ప్రతిఫలించి కంటిని చేరుతుంది. అందువల్ల గుర్తు అనంత దూరంలో ఉన్నట్లు, లక్ష్యం మీదనే నిలిచినట్లు కనబడుతుంది. కన్ను కొంత పక్కకు జరిగినా గురి దాదాపు చెదరదు. ఈ గ్రబ్ పేరు తెలుగునేలకు కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శిని గ్రబ్ కర్మాగారంలో తయారైనదే. నక్షత్రాలను చూపిన చేతులే ఫిరంగి గురికీ మార్గం వేశాయన్నది సాంకేతిక చరిత్రకారులు తరచు పక్కన పెట్టే విషయం.

గ్రబ్ సూత్రం మొదట స్థిరపడింది విమానాలలో. మొదటి ప్రపంచయుద్ధం చివరలో జర్మన్ యుద్ధవిమానాలపై ఈ రకం సైట్లను ప్రయోగించారు. రెండవ యుద్ధం నాటికి అవి సర్వసాధారణమయ్యాయి. చేతి ఆయుధానికి ఆ పరికరం రావడానికి చిన్నదైన, తక్కువ విద్యుత్తుతో వెలిగే దీపం కావాలి. కంటికి కనబడే ఎర్రకాంతినిచ్చే డయోడును 1962లో నిక్ హోలోన్యాక్ రూపొందించారు. స్వీడన్ సంస్థ ఎయిమ్‌పాయింట్ 1975లో తన తొలి ఎలక్ట్రానిక్ సైట్‌ను విపణిలోకి తెచ్చింది. అయితే ఆ గొట్టం రైఫిలుకు సరిపోయేది, పిస్టల్‌కు బరువయ్యేది.

బరువొక్కటే సమస్య అయితే కాలమే దాన్ని తీర్చేది. అసలు సమస్య పిస్టల్ నిర్మాణంలోనే ఉంది. జాన్ బ్రౌనింగ్ 1890ల చివర రూపొందించిన నమూనాల నుండి స్వయంచాలక పిస్టళ్లలో అత్యధికభాగం బారెల్‌ను కప్పి ఉండే స్లైడుతో పనిచేస్తున్నాయి. ప్రతి గుండుకూ స్లైడు వేగంగా వెనక్కి పోయి ఆగుతుంది, మళ్లీ ముందుకు వచ్చి మూసుకుంటుంది. దానిపై కూర్చున్న ఏ వస్తువైనా ప్రతిసారీ పరస్పర వ్యతిరేక దిశలలో రెండు దెబ్బలు తినాలి. 1990ల పోటీ పిస్టళ్ల తయారీదారులు ఈ సమస్యను పరిష్కరించలేదు, తప్పించుకున్నారు. కదలని ఫ్రేముకు రంధ్రాలు వేసి, స్లైడు మీదుగా వంతెనలాంటి ఆధారం కట్టి, దానిపై సైట్‌ను నిలిపారు. పోటీలో అది చక్కగా పనిచేసింది. నడుముకు కట్టుకొని తిరిగే ఆయుధంగా మాత్రం పనికిరాలేదు.

జర్మనీలోని డాక్టర్ ఆప్టిక్ వంటి సంస్థల సూక్ష్మ సైట్లు, ఆ తరువాత 2009లో వచ్చిన ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్ ఈ పరిస్థితిని మార్చాయి. ఆర్‌ఎంఆర్ బరువు 34 గ్రాములు మాత్రమే. తొలుత కొందరు వెనుక సైట్ కూర్చునే గాడిలోనే చిన్న పలకను దిగ్గొట్టి, దానిపై సైట్ బిగించారు. పలక వదులయ్యేది, చుక్క బారెల్‌కు బాగా ఎత్తున నిలిచేది, అసలు వెనుక సైటే పోయేది. దీనికి మరపనివారు కనుగొన్న ఉపాయం స్లైడు పైభాగంలోనే సైట్ అడుగుభాగానికి సరిపడే గుంట చెక్కడం. సైట్ లోతుగా కూర్చుంటే చుక్క కిందికి దిగుతుంది. కొంచెం ఎత్తైన లోహపు సైట్లు పెడితే అవి గాజులోంచి కనబడతాయి, బ్యాటరీ ఆగిపోయినా గురి మిగులుతుంది.

ఇంతవరకు తేలికగానే తోస్తుంది. కాని స్లైడు దిమ్మ కాదు, లోపల దారులున్న పెట్టె. గ్లాక్ వంటి పిస్టల్‌లో గుంటకు దిగువన స్ట్రైకర్ మార్గం, పక్కన ఖాళీ తూటాను లాగే కొక్కెపు స్ప్రింగు దారి ఉన్నాయి. ఎంత లోతు చెక్కవచ్చో, మర ఎక్కడ దిగవచ్చో ఆ దారులే నిర్ణయిస్తాయి. కొద్దిపాటి పొడవెక్కువైన మర కొక్కేన్ని బిగబట్టి తుపాకీని మొరాయింపజేయగలదు. ఉపరితలం నైట్రైడ్ ప్రక్రియతో గట్టిపడినది కనుక సాధారణ ఉక్కు కత్తి దానిమీద నిలవదు, కార్బైడ్ కావాలి. చెక్కిన చోట రక్షణపొర పోతుంది, మళ్లీ పూత వేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది దెబ్బను ఎవరు మోయాలన్న ప్రశ్న. మరలు సైట్‌ను కిందికి పట్టి ఉంచడానికే తప్ప ముందువెనుకల తోపుడును తట్టుకోవడానికి కాదు. ఆ పని గుంట గోడలది, దానిలోని చిన్న బుడిపెలది. గుంట వదులైతే మరలు తెగుతాయి. అంటే ఆధారపడదగిన రెడ్ డాట్ పిస్టల్ అన్నది దృశాశాస్త్ర ఫలితమైనంతగా మిల్లింగ్ కొలతల ఫలితం కూడా.

కంపెనీలు ఆ తరువాతే కదిలాయి. ఎఫ్‌ఎన్ సంస్థ 2012లో ఎఫ్‌ఎన్‌ఎక్స్-45 టాక్టికల్‌ను ముందే చెక్కిన స్లైడుతో తెచ్చింది. గ్లాక్ ఎంఓఎస్ నమూనాలు 2015లో వచ్చాయి. జనవరి 2017లో అమెరికా సైన్యం ఎంపిక చేసిన ఎం17 పిస్టల్ స్లైడుపై, ఊడదీయగల మూత కింద, సైట్‌కు చోటుంది. అయితే కర్మాగారాల పద్ధతి వేరు. రకరకాల సైట్ల అడుగు ఆకృతులు ఒకదానితో ఒకటి కలవవు కనుక, విశాలమైన గుంట చెక్కి, మధ్యలో మార్పిడి పలకలు ఇచ్చారు. వ్యాపారానికి ఇది అనుకూలమే. సాంకేతికంగా మాత్రం ఇది ఒక మెట్టు దిగడం: పలకతో పాటు అదనపు మరలు, అదనపు అతుకు, అదనపు ఎత్తు తిరిగివచ్చాయి. 2019లో వచ్చిన ఎయిమ్‌పాయింట్ ఆక్రో చుక్కదీపాన్ని నాలుగువైపులా మూసి, వాన, దుమ్ము బెడద తీర్చింది. కాని దాని అడుగు ఆకృతి మరొకటి. పాత గుంటలు దానికి నేరుగా పనికిరాలేదు.

ఈ మార్పు అన్ని రంగాలనూ ఆవరించలేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పిస్టల్ పోటీలలో నేటికీ తెరచిన లోహపు సైట్లకే అనుమతి ఉంది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న 25 మీటర్ల పిస్టల్ పోటీ గాడి, మొనల పాత పద్ధతిలోనే సాగింది.

చరిత్రకారులకు ఇందులో ఆధారాల చిక్కు ఉంది. సైట్లకు పేటెంట్లు, ప్రకటనలు, సైనిక ఒప్పందపత్రాలు ఉన్నాయి. మరపని దుకాణాల జ్ఞానం చాలావరకు కాగితంపైకి రాలేదు. అది స్లైడు మీదనే ఉంది. అందుచేత వస్తువునే పత్రంగా చదవాలి. 2015కు ముందు తయారైన గ్లాక్‌పై ఆర్‌ఎంఆర్ ఆకారపు గుంట కనిపిస్తే అది కర్మాగారం దాటాక చెక్కినదిగా భావించవచ్చు. గుంట లోతు, మూలల వంపు, బుడిపెల ఉనికి, పూతలోని తేడా ఏ సైట్‌ను ఉద్దేశించి, ఏ పద్ధతిలో చెక్కారో చెబుతాయి. సంగ్రహాలయ జాబితాలలో ఇటువంటి పిస్టల్‌ను ‘మార్పు చేసినది’ అన్న ఒక్క మాటతో నమోదు చేస్తే ఈ సమాచారమంతా జారిపోతుంది.